ఇడ్లీకి సరిపోయే కాగితం

రాష్ట్ర దృశ్య స్మృతి పరిరక్షణ మండలి వారి జిల్లా కార్యాలయం గోడవారన పాపాయమ్మ ఇరవై రెండేళ్ళుగా ఇడ్లీ బండి పెడుతోంది. ఆ కార్యాలయం అక్కడికొచ్చి పదకొండేళ్ళే అయింది. అంచేత ఎవరి వారన ఎవరున్నారన్నది కాస్త ఆలోచించాల్సిన సంగతే. మునిసిపాలిటీ వారికి అంత తీరిక లేకపోయింది. రోడ్డు వెడల్పు చేస్తున్నాం, గోడవారన ఉన్న బళ్ళన్నీ నెలాఖరుకల్లా ఎత్తెయ్యండి అని నోటీసు తెచ్చారు. అంటించడానికి జిగురు తెచ్చుకోవడం మర్చిపోయి, పాపాయమ్మ దగ్గరే గరిటెడు మినప్పిండి అడిగి పుచ్చుకుని, ఆవిడ బండికే అంటించి వెళ్ళారు.

ఎదురుగా ఉన్న సత్యదేవ డిజిటల్ స్టూడియో యజమాని త్రిమూర్తులు రోడ్డు దాటి వచ్చి ఆ నోటీసు మొత్తం చదివాడు. నోటీసులు చివరిదాకా చదివే దురలవాటు అతనికి చిన్నప్పట్నుంచీ ఉంది. అట్టడుగున చీమ తలకాయలంత అక్షరాలతో, 'దృశ్య వారసత్వ ప్రాముఖ్యం గలవిగా మండలి గుర్తించిన బళ్ళకు ఈ ఉత్తర్వు వర్తించదు' అని ఉంది.

"పిన్నీ! నీ బండి ఎక్కడికీ కదలదు. కంగారు పడకు!" అన్నాడు త్రిమూర్తులు.

"కంగారెందుకు పడతానురా? చేతులు ఊరికే వణుకుతున్నాయంతే," అంది పాపాయమ్మ, చెంబులో నీళ్ళు సగం కింద పోసేస్తూ. మొగుడు పోయాక ఆవిడకి మిగిలింది ఆ బండి ఒక్కటే. చోటు మారితే బేరం మారిపోతుందని ఆవిడకి తెలుసు. పాత బస్టాండు దగ్గర్నుంచి సంత దగ్గరికి మారిన బజ్జీల సుబ్బయమ్మ ఆరు నెలల్లో పొయ్యి ఆర్పేసింది మరి.

త్రిమూర్తులు అంత ధీమాగా మాట్లాడ్డానికి కారణం ఉంది. మండలి నుంచి అంతకు ముందు వారమే ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి జిల్లా నుంచి ఒకే ఒక్క ఛాయాచిత్రాన్ని ఎంపిక చేసి, రెండు వందల ఏళ్ళు చెక్కుచెదరని మేలిరకం ఆర్ట్ పేపరు మీద ప్రింటు తీయించి, కార్యాలయంలోని ఏసీ హాల్లో వేలాడదియ్యాలి. అందులో ఉన్న మనుషుల్నీ స్థలాన్నీ దృశ్య వారసత్వంగా ప్రకటించాలి. త్రిమూర్తులు దగ్గర పాపాయమ్మ ఫొటో ఒకటి ఉంది. మంచు కురుస్తున్న మాఘమాసపు పొద్దున తీసింది. ఇడ్లీ గిన్నె మూత ఎత్తుతోంది, ఆవిరి మొహం మీదికి కమ్ముకొస్తోంది. అప్పుడే ఓ గుమాస్తా ఆత్రంకొద్దీ వేడివేడి ఇడ్లీ నోట్లో పెట్టుకుని గంతులేస్తే, పాపాయమ్మ పగలబడి నవ్వుతోంది. పళ్ళెంలో నాలుగు ఇడ్లీలు తెల్లగా, మల్లెపూల్లా ఉన్నాయి. ఆ ఒక్క ఫొటో కోసం తను పుట్టానని త్రిమూర్తులు అప్పుడప్పుడూ అనుకునేవాడు. అదే పంపించాడు.

పోటీకి మొత్తం మూడు వచ్చాయి. రెండోది ఎవరి పెళ్ళిలోనో భోజనాల బంతి. మూడోది పొరపాటున కవర్లో పెట్టిన ఆధార్ కార్డు జిరాక్సు. తీవ్రమైన చర్చ తర్వాత జిరాక్సుకి ద్వితీయ బహుమతి ఇచ్చి, పాపాయమ్మని ఎంపిక చేశారు.

ఇక మిగిలింది కాగితం. అదెంత పని అనుకున్నాడు త్రిమూర్తులు. పాపం.

కాగితం ఎంపిక కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు ఉప సంచాలకులు కూర్మనాథం గారు. సభ్య కార్యదర్శి సూపరింటెండెంటు హైమావతి గారు. ప్రింటు తియ్యాల్సినవాడు కాబట్టి త్రిమూర్తుల్ని 'సాంకేతిక ప్రత్యేక ఆహ్వానితుడు' అన్నారు. ఆ హోదాకి కుర్చీ ఉంటుందని నిబంధనల్లో ఎక్కడా లేదు కాబట్టి అతను చివరిదాకా నిలబడే ఉన్నాడు.

కంపెనీ వాళ్ళు పదకొండు రకాల కాగితాలు నమూనాకి పంపారు. ఉత్త చేతులతో ముట్టుకోకండి, మడవకండి, తడి తగలనివ్వకండి అని అట్ట మీద ఎర్రగా రాసి ఉంది. అవి కార్యాలయంలోకి వచ్చాయి కాబట్టి ముందు ఇన్‌వర్డ్ సెక్షనుకి వెళ్ళాయి. అక్కడికి వెళ్ళిన కాగితం ఏదైనా అక్కడి పద్ధతి ప్రకారమే బయటికొస్తుంది. ఒక్కో షీటు మీదా సరిగ్గా సిరా పట్టే వైపు చూసుకుని గుండ్రటి సీలు కొట్టారు, నెంబరు వేశారు, ఎడమ పక్క పైమూల కన్నం పొడిచి, పదకొండింటినీ కలిపి ట్యాగుతో కట్టి పంపారు.

త్రిమూర్తులు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "అయ్యయ్యో, మేడమ్! ఇది ఆర్ట్ పేపరండీ! దీనికి కన్నం పెట్టేశారేంటండీ బాబూ!"

"కన్నం లేకపోతే ట్యాగెక్కడ కడతామండీ?" అన్నారు హైమావతి గారు నెమ్మదిగా. ఆవిడ ఎవర్నీ కసురుకోరు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో కసురుకునే అవసరం రాకుండానే అందరూ ఓడిపోయారు. "ట్యాగు లేకపోతే ఫైల్లో ఎలా ఉంటుంది? ఫైల్లో లేకపోతే కాగితం వచ్చినట్టెలా?"

త్రిమూర్తులు ట్యాగు విప్పుకుని షీట్లు స్టూడియోకి పట్టుకెళ్ళాడు. ఆ పదకొండు షీట్ల మీదే పాపాయమ్మ ఫొటో ప్రింటు తీసుకొచ్చాడు. ఒకదాని మీద సీలు సరిగ్గా పాపాయమ్మ నుదుటి మీద పడి బొట్టులా కుదిరింది. కూర్మనాథం గారు దాన్నే చాలాసేపు తదేకంగా చూసి, "ఇందులో ఒక సంపూర్ణత ఉన్నది," అన్నారు.

కూర్మనాథం గారు మాట్లాడితే ఆ మాటల కింద సంతకం ఉన్నట్టే ఉంటుంది. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా, 'దాహ నివారణ విషయమై' అంటారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"సాంకేతిక ప్రత్యేక ఆహ్వానితుల వారు ఈ నమూనాల మధ్య గల వ్యత్యాసమును కమిటీకి విశదపరచగలరు," అన్నారాయన.

త్రిమూర్తులు గొంతు సవరించుకున్నాడు. ఇది నిగనిగలాడే రకం, ఇది మెరిసీ మెరవని రకం, ఇది వెదురు గుజ్జు, ఇది అచ్చంగా నూలు అంటూ ఒక్కోటీ చూపించాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. తెలిసిన పని గురించి ఎవరైనా అడిగితే ఆగలేకపోవడం అతని బలహీనత.

"అన్నిటికంటే ముఖ్యమైంది కాగితం తెలుపండి. ఎందుకంటే ప్రింటరులో అన్ని రంగుల సిరాలూ ఉంటాయి గానండీ, తెల్ల సిరా ఉండదండి. బొమ్మలో తెల్లగా ఉండాల్సిన చోట మిషను సిరా చల్లదు, వదిలేస్తుందండి. అక్కడ మనకి కనపడేది ఉత్త కాగితమేనండి."

కూర్మనాథం గారు కళ్ళజోడు తీశారు. "అనగా, ఈ ఛాయాచిత్రములోని ఇడ్లీ..."

"కాగితమేనండి."

"అనగా ఇప్పుడు మనము ఎంపిక చేయవలసినది కాగితమును కాదు. ఇడ్లీని."

త్రిమూర్తులు పరాచికం అనుకుని నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. హైమావతి గారు మినిట్స్ పుస్తకంలో రాసేసుకుంటున్నారు. 'నమూనా కాగితముల తెలుపును అసలు ఇడ్లీ తెలుపుతో సరిపోల్చి, తదనుగుణముగా కాగితము నిర్ధారించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.'

మర్నాడు పదకొండు గంటలకి పాపాయమ్మ పదకొండు ఇడ్లీలు పట్టుకుని మేడెక్కి వచ్చింది. ఒక్కో కాగితం పక్కనా ఒక్కో ఇడ్లీ పెట్టారు. చట్నీని 'ప్రయోగముతో నేరుగా సంబంధము లేని వస్తువు'గా వేరే బల్ల మీద పెట్టారు. నమూనాల్ని ఉత్త చేతులతో ముట్టుకోరాదు అన్న షరతు ఉంది కదా, అందరూ తెల్ల నూలు చేతితొడుగులు వేసుకున్నారు. ఏది నమూనానో, ఏది కాదో ఆ షరతు విడమరిచి చెప్పలేదు కాబట్టి ఇడ్లీల్ని కూడా తొడుగులతోనే ముట్టుకున్నారు. అరగంట దీక్షగా చూశారు. తర్వాత నమూనాలు చల్లారిపోతున్నాయని హైమావతి గారు గుర్తుచేశారు. తొడుగులతోనే తిన్నారు. చట్నీ బల్ల కూడా ఖాళీ అయింది.

'నమూనాలు పరిశీలనలో వినియోగమైపోయినందున ప్రయోగము రేపు పునరావృతము చేయవలెను,' అని మినిట్స్‌లో రాశారు.

ఇలా తొమ్మిది పనిదినాలు నడిచింది. మబ్బు పట్టిన రోజు ఇడ్లీ ఒక రంగు, ఎండ కాసిన రోజు ఒక రంగు. బియ్యం మారితే ఇంకో రంగు. ఏడో రోజు పిండి కాస్త పులిసి, ఇడ్లీ పక్కన అన్ని కాగితాలూ తెల్లగానే కనిపించాయి. పదో రోజు కూర్మనాథం గారు గారె రంగును కూడా ఒకమారు పరిశీలించినచో నివేదిక సమగ్రముగా ఉండునేమో అన్నారు.

"ఒరేయ్ తిమూర్తులూ, వీళ్ళు కాయితం కొంటున్నారా, నా చేత వంటలపోటీ పెట్టిస్తున్నారా?" అంది పాపాయమ్మ మెట్లు దిగుతూ.

"కాస్త ఓపికపట్టు పిన్నీ. ఫొటో గోడకెక్కిందంటే నీ బండి జోలికి ఎవడూ రాడు."

"నా ఓపికకేం లేరా, మోకాళ్ళు వినట్లేదు."

చివరికి మూడో నెంబరు కాగితం పాపాయమ్మ ఇడ్లీకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. త్రిమూర్తులు నోరు మూసుకుని ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. అయితే అతను పనిలో అబద్ధం చెప్పలేడు. "సార్, ఈ కాగితానికి ఆ తెలుపు సొంతం కాదండి. పంచెకి నీలిమందు పెట్టినట్టు, తెల్లబరిచే మందు కలిపారండి. కొన్నేళ్ళకి ఆ మందు పని అయిపోయి పసుపెక్కిపోద్దండి. రెండొందలేళ్ళంటే ఏడో నెంబరేనండి. వంద శాతం నూలు. మందూ మాకూ లేదు. కాకపోతే కొంచెం మీగడ రంగులో ఉంటదండి."

ఏడో నెంబరు మీద ప్రింటు చూశారు. పాపాయమ్మ మొహంలో నవ్వు, ఆవిరి, గిన్నె అంచు, అన్నీ ప్రాణం పోసుకున్నట్టున్నాయి. ఇడ్లీలు మాత్రం ఒక్క వీసమెత్తు మీగడ రంగుగా ఉన్నాయి.

"పక్కన వేరే తెల్లకాగితం పెడితే తప్ప తెలీదండి. గోడ మీద ఒక్కటే ఉంటే మన కన్ను దాన్నే తెలుపనుకుంటదండి," అన్నాడు త్రిమూర్తులు.

"కన్ను అనుకొనుట మీద ప్రభుత్వము నడవజాలదు," అన్నారు కూర్మనాథం గారు. "రెండు వందల ఏళ్ళు తప్పనిసరి. కావున ఏడో నెంబరు తప్పనిసరి. ఇడ్లీకిని కాగితమునకును తేడా ఉన్నది. ఈ రెండింటిలో ఏది సరియైనదో తేల్చవలెను. కాగితమునకు ధ్రువపత్రము ఉన్నదా?"

"ఉందండి," అన్నారు హైమావతి గారు.

"ఇడ్లీకి?"

హైమావతి గారు మెమో ఫారం ఒకటి బయటికి తీశారు.

మొదటి మెమో ఆ సాయంత్రమే పాపాయమ్మకి అందింది. 'మీరు తయారుచేయుచున్న ఇడ్లీలు, మండలి ఆమోదించిన కాగితపు వర్ణమునకు భిన్నముగా ఉన్నట్లు గమనించడమైనది. మూడు దినములలోగా సదరు ఇడ్లీలను కాగితమునకు అనుగుణముగా సవరించుకొనవలెను.' జతగా ఏడో నెంబరు కాగితం ముక్క ఒకటి, వేలెడంత, గుండుసూదితో గుచ్చి పంపారు.

పాపాయమ్మ ఆ ముక్కని వెలుతురుకి పెట్టి చూసింది. చోటు పోతుందన్న భయం మనిషి చేత ఏదైనా చేయిస్తుంది. పిండిలో మెంతులు ఎక్కువ వేసింది, దంపుడు బియ్యం రవ్వ కలిపింది. రెండో రోజుకి రంగు కుదిరింది. రోజూ వచ్చే లారీ డ్రైవరు పళ్ళెం పట్టుకుని, "ఏంటి పాపాయమ్మగారూ, ఇడ్లీకి పచ్చకామెర్లా?" అన్నాడు. వాడు మళ్ళీ రాలేదు.

రెండో మెమో మెరుపు గురించి. ఏడో నెంబరు కాగితానికి మెరుపుండదు. పాపాయమ్మ మొహాన చెమట మెరుస్తోంది, ముక్కుపుడక మెరుస్తోంది, ఇడ్లీ గిన్నె అయితే అద్దంలా ఉంది. 'కాగితమునకు లేని మెరుపు అసలునకు ఉండుట సముచితము కాదు.' ఇరవై రెండేళ్ళు చింతపండు పెట్టి తోమిన గిన్నెకి పాపాయమ్మ మసి పూసింది. పూస్తూ ఏడ్చింది. ముక్కుపుడక తీసి పమిట చెంగున ముడేసుకుంది. మొహానికి గంటగంటకీ పౌడరు అద్దుకోవాలని ఆఫీసువారే డబ్బా పంపారు. పౌడరు మీద ఆవిరి తగిలి, మధ్యాహ్నానికి ఆవిడ మొహం సున్నం కొట్టి సగంలో ఆపేసిన గోడలా తయారయ్యేది.

మూడో మెమో ఎండ గురించి. ప్రింటుని ఎండ తగలని చోట వేలాడదీస్తారు కాబట్టి అది వెలిసిపోదు. అసలు మనిషి ఎండలో ఉంటే నల్లబడుతుంది. అప్పుడు రెండింటికీ పొంతన ఉండదు. అంచేత బండి చుట్టూ నల్లటి తెర కట్టారు. నడిరోడ్డు పక్కన పట్టపగలు నల్ల తెర, లోపల్నుంచి ఆవిరి, మొహానికి పౌడరు పూసుకున్న మనిషి. ఇడ్లీలకి వచ్చేవాళ్ళు అటూ ఇటూ చూసి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఒక కానిస్టేబులు లాఠీతో తెర పక్కకి తొలగించి, "ఏం జరుగుతోందిక్కడ?" అన్నాడు.

"ఇడ్లీ, నాయనా!" అంది పాపాయమ్మ. అతను నమ్మలేదు. రెండు తిన్నాక కూడా పూర్తిగా నమ్మలేదు.

త్రిమూర్తులు స్టూడియో మెట్ల మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఆ ఫొటో తీసిన వేలిని నరుక్కోవాలనిపించింది అతనికి. ఆవిడ చోటు నిలబెడదామని పూనుకుంటే, ఆవిడ బేరం, ఆవిడ గిన్నె, ఆవిడ మొహం ఒక్కోటే పోతున్నాయి.

"పిన్నీ, వద్దనేద్దామా? ఫొటో వెనక్కి తీసేసుకుంటాను," అన్నాడు వెళ్ళి.

"ఇంతదాకా వచ్చాక వెనక్కేంటిరా? నెలాఖరుకి నాలుగు రోజులేగా. ఆ మేకేదో కొట్టించెయ్యి, ముందు."

నెలాఖరుకి రెండు రోజుల ముందు, అసలునీ ప్రింటునీ పోల్చి తుది ఆమోదం ఇవ్వడానికి రాజధాని నుంచి మండలి పత్ర ప్రమాణ సలహాదారు గారు వచ్చారు. ఆయన భూతద్దం పెట్టి ముందు ప్రింటుని గంట చూశారు. తర్వాత తెర తొలగించుకుని అదే భూతద్దంతో పాపాయమ్మని చూశారు.

"అసలు కదులుతోంది," అన్నారు అసంతృప్తిగా.

"ఆయ్, మనిషండి," అన్నాడు త్రిమూర్తులు.

"ప్రింటు కదలడం లేదు. అది నోట్ చేసుకోండి," అని హైమావతి గారితో అని, మళ్ళీ పాపాయమ్మ వైపు తిరిగారు. "ప్రింటులో నవ్వు ఉన్నది. అసలులో నవ్వు కనిపించుట లేదు. నవ్వమ్మా!"

పాపాయమ్మ ఆయన వైపు చూసింది. మసి గిన్నె వైపు చూసింది. పొద్దుట్నుంచీ ముట్టుకునే నాథుడు లేక అట్టలు కట్టిన మీగడ రంగు ఇడ్లీల వైపు చూసింది. "ఎందుకు నవ్వాలి బాబూ?" అంది.

ఆ ప్రశ్నకి ఫారంలో గడి లేదు. సలహాదారు గారు లెక్క కట్టారు. కావలసిన పోలిక తొంభై శాతం. వచ్చింది అరవై ఒకటి. ప్రింటు ధ్రువపత్రంతో సహా నిర్దుష్టంగా ఉంది కాబట్టి లోపం అసలుదేనని తేల్చారు.

మర్నాడు ఘనంగా ప్రింటుని ఏసీ హాల్లో వేలాడదీశారు. కూర్మనాథం గారు ఉపన్యసించారు. 'ఈ కాగితము మనందరి కంటె ఎక్కువ కాలము బ్రతుకును' అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సభ అయిన వెంటనే పాపాయమ్మ చేతికి ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని త్రిమూర్తులుకి అందించింది. "చదవరా, చోటు నాదేనని రాశారా?"

త్రిమూర్తులు చదివాడు. 'శ్రీమతి పాపాయమ్మకు కార్యాలయ హాలు నందు ఇదివరకే స్థలము కేటాయించబడినది. ఒకే వ్యక్తికి రెండు చోట్ల స్థలము కలిగియుండుట నిబంధనలకు విరుద్ధము. కావున రోడ్డు ప్రక్కన గల స్థలము ఇందుమూలముగా రద్దుపరచడమైనది. బండి రేపటి లోగా తొలగించవలెను.'

"పిన్నీ..." అన్నాడు. ఏమని రాశారో అతని మొహమే చెప్పేసింది. పాపాయమ్మ బండి అంచు పట్టుకుని నేల మీద చతికిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. అదే త్రిమూర్తులుకి భరించరానిదైపోయింది. ఆ ఉత్తర్వు పట్టుకుని మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి హైమావతి గారి బల్ల ముందు నిలబడ్డాడు.

"మేడమ్, ఇదన్యాయం! గోడమీద బొమ్మకి చోటిచ్చి మనిషిని రోడ్డు మీంచి లేపేస్తారా? బొమ్మ ఇడ్లీలు అమ్ముకుంటుందా?"

హైమావతి గారు చుట్టూ చూశారు. లేచి తలుపు దగ్గరగా వేశారు. ఫైలు తీసి, మూడో పేజీ విప్పి అతని వైపు తిప్పారు.

"త్రిమూర్తులు గారూ, మీరు నోటీసులు చివరిదాకా చదువుతారట కదా. ఉత్తర్వు ఒక్కటే చదివారు. దాని అనుబంధం చదివారా?"

అనుబంధంలో ఇలా ఉంది. 'స్థలము పొందినవారు: శ్రీమతి పాపాయమ్మ. వృత్తి: ఇడ్లీ వ్యాపారము. స్థల విస్తీర్ణము: నేల మొదలు పైకప్పు వరకు, వెడల్పు ఆరడుగులు, వీక్షణ దూరము నిమిత్తము గోడ నుండి ముందుకు పదడుగులు. కాలపరిమితి: రెండు వందల సంవత్సరములకు తగ్గకుండ. సదరు స్థలము నుండి ఎట్టి పరిస్థితులలోను తొలగించరాదు.'

త్రిమూర్తులు రెండోసారి చదివాడు. "మేడమ్! ఇది..."

"ఫారంలో పేరూ వృత్తీ అడిగారు, రాశాను. విస్తీర్ణం అడిగారు, కొలిచి రాశాను. సారు సంతకం పెట్టారు, సలహాదారు గారు కూడా పెట్టారు." హైమావతి గారు ఫైలు మూశారు. "మొదటి తొమ్మిది రోజులూ నేను తిన్న ఇడ్లీ తెల్లటిదండీ. మెంతులేసింది నేను తినలేకపోతున్నాను."

ఒకటో తారీకు పొద్దున్న కూర్మనాథం గారు హాలు తలుపు తీసేసరికి ఏసీ చల్లదనంలో గుప్పున ఇడ్లీ వాసన కొట్టింది. ప్రింటు కింద సరిగ్గా ఆరడుగుల వెడల్పులో పాపాయమ్మ స్టవ్వు, గిన్నె, చట్నీ బకెట్టు. గిన్నె తళతళ మెరుస్తోంది. ముక్కుపుడక ముక్కుకి ఉంది. ముందుకి పదడుగుల దాకా గుమాస్తాలు పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు.

"ఏమిది? ఇది కార్యాలయము! ఇచట వంటయా?" అన్నారు కూర్మనాథం గారు. ఆయన నోటివెంట అంత చిన్న వాక్యాలు ఎవరూ విని ఎరగరు.

"తమరిచ్చిన చోటేగా బాబూ," అంది పాపాయమ్మ, ఉత్తర్వు చూపిస్తూ. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెళ్ళో వేసుకుంది.

కూర్మనాథం గారు అనుబంధం చదివారు. కింద తన ఆకుపచ్చ సంతకం చూసుకున్నారు. రద్దు చెయ్యాలంటే పొరపాటు జరిగిందని రాయాలి. స్థలం పొరపాటంటే ప్రింటు పొరపాటు, ప్రింటు పొరపాటంటే కాగితం ఎంపిక పొరపాటు, ఆ పదిరోజుల ఇడ్లీలూ గారెలూ పొరపాటు. ఆయన కుర్చీలో కూలబడ్డారు. హైమావతి గారు ఒక పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టారు. మూడు ఇడ్లీలు, తెల్లగా, పొగలు కక్కుతూ. ఆయన కాసేపు చూసి, తొడుగులు లేకుండా తిన్నారు.

వారం తిరక్కుండానే ఆవిరికి ప్రింటు అంచులు వంకర్లు పోవడం మొదలైంది. ఏడో నెంబరు కాగితం గాలిలో తేమ యాభై శాతం దాటితే సహించదు. మేకు మీద ఉంచితే పాడవుతుంది. పాపాయమ్మని తీద్దామంటే ఉత్తర్వు ఒప్పుకోదు. కమిటీ అత్యవసరంగా సమావేశమై, ప్రింటుని సురక్షితంగా ఇనప బీరువాలో పెట్టి తాళం వేయాలని తీర్మానించింది. వెలుతురు లేదు, గాలి లేదు, చూసేవాళ్ళు లేరు. అక్కడ అది రెండొందలేళ్ళు కాదు, నాలుగొందలేళ్ళయినా ఉంటుందని కంపెనీవాళ్ళు కూడా రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. త్రిమూర్తులుకి మొదట చివుక్కుమంది. తర్వాత మేకు కింద పాపాయమ్మ ఎవరినో చూసి పగలబడి నవ్వుతుంటే, ఆ నవ్వు ముందు తన ఫొటో ఎంతలే అనుకున్నాడు.

ఆరునెలలకి ప్రింటు స్థితిగతుల నివేదిక పంపవలసిందిగా మండలి నుంచి ఫారం వచ్చింది. కూర్మనాథం గారు హాల్లోకొచ్చి, ఫారం మోకాలి మీద పెట్టుకుని, మేకు కిందకి చూస్తూ ఒక్కో గడీ నింపారు. స్థలము మారినదా? లేదు. రంగు వెలిసినదా? లేదు. తెలుపు సంతృప్తికరముగా ఉన్నదా? మిక్కిలి. సందర్శకుల స్పందన? రెండు వరుసలు. ఇతర పరిశీలనలు అన్న చోట కాస్త ఆగి, వేలు నాకి, "నేడు చట్నీలో ఉప్పు స్వల్పముగా తగ్గినది," అని రాసి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు.